పసుపు అంకెలు

మార్చి 3, మంగళవారం

ఫ్యాక్టరీ మూసెయ్యడం లేదు! మూసెయ్యడం లేదు, మా బెవ్ ఉద్యోగానికి ఢోకా లేదు!

అక్షరాలు గీత దాటి పైకి పోతున్నాయి. పోనీ. ఈ ఒక్క రోజుకి వాటినీ ఎగరనిస్తాను.

శీతాకాలమంతా ఈ కోవెంట్రీలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. మా కార్ల ఫ్యాక్టరీ పని అయిపోయిందట, వేసవి చూడదట. మాంసం కొట్లో అదే, బస్సులో అదే, చర్చి మెట్ల మీద అదే. వినీ వినీ నా చెవిటి చెవి కూడా విసిగిపోయింది. ఇవాళ సాయంత్రం బెవ్ షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"నాన్నా, ప్రెస్ షాపులో ఏదో జరుగుతోంది. ఎవరో బయటి మనుషులు రంగు డబ్బాలు పట్టుకొచ్చి యంత్రాల మీద అంకెలు వేస్తున్నారు."

"ఏ రంగు?"

"పసుపు."

"పెద్ద అంకెలా?"

"ఇంతేసి. ఏం నాన్నా?"

ఏం నాన్నా అంటుంది! కుర్చీలోంచి ఎలా లేచానో నాకే తెలియదు. మోకాలు ఏమైందో, దాని నొప్పి ఏమైందో. బెవ్‌ని పట్టుకుని వంటింట్లో గిర్రున తిప్పేశాను. "పిచ్చిమొహమా, కొత్త మోడల్ వస్తోందే!" అని అరిచాను. పక్కింటివాళ్లు గోడ మీద తట్టారు. తట్టుకోనీ.

దానికెలా తెలుస్తుంది? అరవై ఎనిమిదిలో అది పదేళ్ల పిల్ల. షాపులో యంత్రాలన్నీ విప్పి మళ్లీ పేర్చడం ఆ తర్వాత జరగలేదు. నేను చూశాను. కొత్త కారు రావాలంటే ముందు ప్రెస్సులు, అంటే రేకుని కారు భాగాలుగా వంచే యంత్రాలు, చోటు మారాలి. ఏది ఎక్కడికి పోవాలో తెలియడానికి ఒక్కోదాని ఒంటి మీద పసుపు అంకె వేసేవాళ్లు. ఆ అంకెలు కనబడిన రోజు సాయంత్రం గేటు ఎదురు పబ్బులో బీరు అయిపోయింది. నిజంగానే అయిపోయింది, యజమాని బయటికొచ్చి చేతులు జోడించాడు. పసుపు అంకె అంటే పదేళ్ల పని, పదేళ్ల బొగ్గు, పదేళ్ల క్రిస్మస్ బాతు.

బెవ్ నవ్వింది. ఎన్నాళ్లకు! ఆ తర్వాత చిన్న గొంతుతో, ఆస్పత్రి ఉద్యోగం సంగతి ఏం చెయ్యమంటావు అని అడిగింది. ఆస్పత్రిలోనూ కరెంటు పనే. ఫిబ్రవరిలో వెళ్లి మాట్లాడి వచ్చింది, తీసుకుంటామని కబురొచ్చింది. శుక్రవారం లోపల అవునో కాదో చెప్పాలట. అల్లుడు రాయ్ నడుము దెబ్బతిని ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి ఆ ఇంటికి దాని జీతమే జీతం కదా, భయపడి వెళ్లింది పాపం.

"ఆస్పత్రిలో బల్బులు మారుస్తావా? నువ్వా?" అన్నాను.

అందరికీ ఫోన్లు చేశాను. చెల్లెలు మేబెల్, తమ్ముడు పెర్సీ, మా ఆవిడ ఐవీ వాళ్లక్క విన్నీ వదిన, ఆఖరికి కెనడాలో మేనల్లుడు ట్రెవర్‌కి కూడా. వాడక్కడ ఇంకా పనిలోనే ఉన్నాడో ఏమో. మేబెల్ ఏడ్చింది. పెర్సీ, "నీ మాట నిజమవ్వాలిరా అన్నయ్యా" అన్నాడు. నిజమవ్వాలేమిటి, అయిపోతేను!

మార్చి 4

పొద్దున్నే స్మశానానికి వెళ్లి ఐవీకి చెప్పాను. పువ్వులు కూడా పెట్టాను, ఇంట్లో పూసినవే. వాన పడింది. ఎంత బాగుందో.

మార్చి 6, శుక్రవారం

బెవ్ మధ్యాహ్నం వచ్చింది. ఆస్పత్రివాళ్ల నంబరు చేతిలో ఉంది.

"ఇంకోసారి ఆలోచించుకోనా నాన్నా? రాయ్ తీసుకోమంటున్నాడు."

"రాయ్‌కి ఏం తెలుసమ్మా? వాడు బిస్కట్ల ఫ్యాక్టరీ మనిషి."

"బిస్కట్లలో కూడా నడుం విరుగుతుంది నాన్నా."

నవ్వుకున్నాం. నిదానంగా కూర్చోబెట్టి చెప్పాను. మన ఫ్యాక్టరీని మూసేస్తామని నా కాలంలోనే ఎన్నిసార్లు అనలేదు? సమ్మె చేసినప్పుడల్లా అన్నారు. చలిలో గేటు దగ్గర ఇనప డబ్బాలో చెక్కలు తగలేసుకుని నిలబడితే, మేనేజరు కారు అద్దం దించి, ఈసారి తాళమేనయ్యా అనేవాడు. తాళం పడిందా? ముందుగా భయపడి పోయినవాళ్లే పోయారు. వాళ్లు తర్వాత గేటు దగ్గరికొచ్చి మొహం వేలాడేసుకుని నిలబడటం నేను చూడలేదా?

ఫోన్ నేనే అందించాను. "థాంక్సండీ, కానీ నేను ఉన్నచోటే ఉంటాను" అంది. అంతే, రెండు ముక్కలు. పెట్టేశాక చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఊరట, పాపం, ఇన్ని నెలల బరువు దిగింది కదా.

అది చేరిన రోజు గుర్తొచ్చింది. మా షాపులో తండ్రి నోటిమాటే దరఖాస్తు. నేను వెళ్లి ఫోర్‌మన్‌తో మా పిల్లని చేర్చుకోండి అంటే, మీవాడు ఏం చదివాడు అన్నాడు. వాడు కాదండీ, అది అన్నాను. ఆయన నోట్లో ఉన్న టీ నా చొక్కా మీదికి వచ్చింది. పదహారేళ్ల పిల్ల, మగవాళ్ల నీలం అంగీ చేతులు మూడు మడతలు పెట్టుకుని నా ముందు నడిచింది. నేను వెనకబడి నడిచాను, తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిందని ఎవరూ అనకూడదని. మొదటి వారమే ఎవడో దాని పనిముట్ల పెట్టె క్రేన్ కొక్కేనికి తగిలించి పైకి లేపేశాడు. షాపంతా నవ్వు. అది ఏడవలేదు. నిచ్చెనెక్కి క్రేన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకుని కిందికి దిగింది. "నా పెట్టె దింపుతామంటేనే క్రేన్ కదులుతుంది" అంది. ఆ రోజు నుంచి షాపులో నా పేరు హోరస్ కాదు, బెవ్ వాళ్ల నాన్న.

అలాంటి పిల్ల బల్బులు మార్చడమేంటి.

మార్చి 9, సోమవారం

కూరగాయల మడికి వెళ్లాను. దిల్‌బాగ్ అప్పటికే మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని తన మడిలో వెల్లుల్లికి కలుపు తీస్తున్నాడు. నాతోపాటు ప్రెస్ షాపులో ఇరవై ఏళ్లు చేశాడు, పంజాబు నుంచి వచ్చి. తలపాగా మీద ఆకు పడినా చూసుకోడు, మడిలో కలుపు మొలిస్తే మాత్రం ఊరుకోడు.

"ఏరా హోరస్, మొహం వెలిగిపోతోంది. పెళ్లి గానీ చేసుకున్నావా?"

"నిన్ను పిలవకుండానా? విను ముందు." అంతా చెప్పాను. పసుపు అంకెలు, ఆస్పత్రి, ఫోన్, అన్నీ.

పార నేలకి ఆనించి నిలబడ్డాడు. సంతోషిస్తాడనుకున్నాను.

"నేల మీద కూడా వేశారా?" అన్నాడు.

"ఏంటీ?"

"యంత్రం మీద అంకె వేశారు సరే. అదే అంకె నేల మీద? అది వెళ్లి కూర్చోవలసిన చోట?"

"నేల మీద తర్వాత వేస్తారు."

"తర్వాతా?" అన్నాడు. నా మొహంలోకి చూశాడు. మళ్లీ ఏమీ అనలేదు. ఆ అననితనమే నాకు ఒళ్లు మండించింది.

"నీకెప్పుడూ ఇదే. వాన రాకముందే గొడుగు. అరవై ఎనిమిదిలో కూడా ఉద్యోగాలు పోతాయని ఏడ్చింది నువ్వే."

"అరవై ఎనిమిదిలో నేల మీద గీత కొట్టే సుద్ద తాడు ఒక కొస నువ్వు పట్టుకున్నావు, రెండో కొస నేను పట్టుకున్నాను" అన్నాడు నెమ్మదిగా. "అదే అంటున్నాను. బెవ్‌ని అడుగు."

"అక్కర్లేదు. నాకు తెలుసు."

"సరే గురువా." వెల్లుల్లి పిలకలు గుప్పెడు కోసి నా సంచీలో వేశాడు. తీసి పారేద్దామనుకున్నాను. తెచ్చుకున్నాను.

అరవై ఎనిమిది అంటే వాడు మా షాపుకి కొత్త. మధ్యాహ్నం ఆవిరి గొట్టం మీద రొట్టెలు వెచ్చబెట్టుకునేవాడు. ఆ వాసనకి నా కొవ్వు రాసిన బ్రెడ్డు నాకే సయించేది కాదు. మార్చుకుందామా అని వాడే అడిగాడు. ఆ మోతలో మాట వినబడదు, చేత్తో సైగ చేశాడు, నీది నాకు, నాది నీకు. రేకు కింద పెట్టడం, ప్రెస్సు దిగడం, కారు తలుపు బయటికి రావడం. రేకు, ప్రెస్సు, తలుపు. భూమి అదిరేది. మధ్యలో ఆ సైగలు.

మనిషి మంచివాడే. అనుమానం ఎక్కువ.

మార్చి 10

నేల మీద తర్వాతే వేస్తారు.

మార్చి 14, శనివారం

బెవ్, రాయ్ భోజనానికి వచ్చారు. పంది మాంసం కాల్చాను, మడిలో ముల్లంగి. రాయ్ నా వైపు చూడకుండా తిన్నాడు. నడుం నొప్పి మనిషిని అలా చేస్తుంది.

శుభవార్త! కోట్లు వేసుకున్న పెద్దమనుషులు షాపుకి వచ్చారట, ఫొటోలు తీసుకున్నారట. సరుకు వచ్చే పెద్ద తలుపుల ఎత్తు ఎంత, వెడల్పు ఎంత అని టేపు పెట్టి కొలిచారట.

"చూశావా! కొత్త యంత్రాలు లోపలికి పట్టాలి కదా!" అన్నాను.

"లోపలికేనా?" అన్నాడు రాయ్. అదే వాడి మొదటి మాట, ఆ పూటకి.

"మరింకెక్కడికి?"

బెవ్ బల్ల కింద మొగుడి కాలు తొక్కింది. నాకు తెలిసింది, బల్ల కదిలింది. తండ్రి మాట మీద దానికి ఎంత నమ్మకం!

నేల సంగతి అడుగుదామనుకున్నాను. ఈలోగా పులుసు చల్లారిపోతోంది.

మార్చి 17

పెర్సీ ఫోన్ చేశాడు. అంతా బాగుందని చెప్పాను. విన్నీ వదిన కూడా చేసింది. అంతా బాగుందని చెప్పాను. చాలా బాగుంది.

మార్చి 18

వాన. మడికి వెళ్లలేదు. దిల్‌బాగ్ మళ్లీ అడుగుతాడు.

మార్చి 21, శనివారం

బెవ్ ఒక్కతే వచ్చింది. మాటల్లో పడి రాణీగారి సంగతి చెప్పింది.

రాణీగారు మా షాపులో అన్నిటికన్నా పెద్ద ప్రెస్సు. కారు టాపు ఒక్క దెబ్బకి వంచేది. ముందు సలాము చేయనిదే దాని దగ్గరికి పోకూడదని మా ఆచారం, కొత్తవాళ్లని అలా ఆడించేవాళ్లం. నా కుడిచేతి చిటికెన వేలు కొస ఆవిడ దగ్గరే ఉండిపోయింది. నేను దిగిపోయిన రోజున షాపులో ప్రతివాడూ చేతిలో ఉన్నది తీసుకుని, స్పానరో, సుత్తో, ఇనప కడ్డీయో, దగ్గరున్న ఇనుము మీద కొట్టాడు. పదవీ విరమణ అంటే మా దగ్గర ప్రసంగం కాదు, ఈ మోత. షాపు ఈ చివర నుంచి ఆ చివర దాకా, నేను నడిచినంతసేపూ. రాణీగారి ఒంటి మీద కొట్టింది బెవ్. ఆ మోత ఆగాక ఏర్పడిన నిశ్శబ్దంలోకి తలుపు తీసుకుని బయటికి వచ్చాను. అంత పెద్ద మర్యాద ఏ రాజుకి జరిగింది!

"రాణీగారి పునాది బోల్టులకి నూనె పోస్తున్నారు నాన్నా. రోజూ పొద్దున ఒకడొచ్చి పోసి వెళుతున్నాడు."

ఆ బోల్టులు నా కన్నా ముందు నుంచీ ఆ సిమెంటులో ఉన్నాయి. అరవై ఎనిమిదిలో షాపులో అన్నీ కదిలాయి గానీ రాణీగారు కదల్లేదు. ఆవిడని కదిలించడం ఎవరి వల్లా కాదని ఆవిడ చుట్టూ మిగతా షాపునంతా జరిపారు. కొత్త మోడల్ వచ్చినా రాణీగారు ఉన్నచోటే ఉండాలి.

అప్పుడు అడిగాను. మామూలుగానే అడిగాను.

"నేల మీద ఏమన్నా అంకెలు వేశారా అమ్మా?"

"నేల మీదా? లేదే. నేల మీద ఏం లేదు. ఎందుకు?"

"ఊరికే. టీ తాగు."

"ఎందుకు నాన్నా?"

"ఊరికేనమ్మా. చల్లారిపోతుంది, తాగు."

తాగింది. నా బిడ్డ పొద్దంతా నిలబడి పని చేసి వచ్చి నా ఎదురుగా కూర్చుని టీ తాగింది. నేను దాని మొహం చూస్తూ కూర్చున్నాను.

నేల మీద ముందు వేస్తారు. ముందే వేస్తారు. అరవై ఎనిమిదిలో సుద్ద తాడు నా చేతిలోనే ఉంది కదా. చోటు చూసుకోకుండా యంత్రాన్ని ఎవడు కదుపుతాడు? ముందు నేల మీద అంకె, ఆ తర్వాత యంత్రం మీద. నేల మీద అంకె లేదంటే దానికి ఈ షాపులో చోటు లేదు.

మార్చి 22

ఆదివారం. ఏమీ తినలేదు. ఫోన్ మోగింది, ఎత్తలేదు.

మార్చి 23, సోమవారం

విరమణ నాడు వేసుకున్న సూటు తొడుక్కుని ఆస్పత్రికి వెళ్లాను. మెడ దగ్గర వదులైపోయింది. ఉద్యోగాల గదిలో ఒక చిన్న అమ్మాయి కూర్చుని ఉంది, మర్యాద గల పిల్ల. బెవ్ పేరు చెప్పి, మా అమ్మాయి మనసు మార్చుకుంది తల్లీ, తప్పు నాది, నేనే వద్దన్నాను అని చెప్పాను.

"అయ్యో తాతగారూ, అది నిండిపోయిందండీ."

"ఇంకోటేమైనా? రాత్రి షిఫ్టయినా పర్వాలేదు. బల్బులు మార్చే పనైనా పర్వాలేదు."

"ఇప్పుడేమీ లేవండీ. మొన్న బుధవారం దాకా ఖాళీగానే ఉంది. మీ అమ్మాయి వద్దన్నాక మాకు సరైన మనిషి దొరకలేదు. మళ్లీ ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆమెకే ఇచ్చేవాళ్లం. ఆమె అందరికీ నచ్చిందండీ."

"ఎవరు చేరారు?"

"మీ ఫ్యాక్టరీ ఆయనే. సూపర్‌వైజరట. హడావిడిగా వచ్చారు."

మొన్న బుధవారం. పద్దెనిమిది. వెనక్కి తిప్పి చూశాను ఆ రోజు ఏం రాశానో. వాన, మడికి వెళ్లలేదు.

తొమ్మిదిన దిల్‌బాగ్ అడిగాడు. పద్నాలుగున అది నా బల్ల దగ్గర కూర్చుని ముల్లంగి తింది. ఒక్క మాట. నేల మీద ఉందా అమ్మా అని ఒక్క మాట.

ఆ పిల్ల నాకు మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చాను.

మార్చి 24

మడికి వెళ్లాను. దిల్‌బాగ్ నన్ను చూసి ఏమీ అడగలేదు. తన పెట్టె మీద నాకు చోటిచ్చాడు. ఇద్దరం కూర్చున్నాం. వాడు చేత్తో సైగ చేశాడు, పాత సైగ. నీది నాకు, నాది నీకు. సంచీలోంచి రొట్టె తీశాడు. నా దగ్గర మార్చుకోవడానికి ఏమీ లేదు.

మార్చి 27, శుక్రవారం

పొద్దున అందరినీ క్యాంటీన్‌కి పిలిచి చెప్పేశారు. వేసవి దాకా కూడా లేదు. ప్రెస్సులన్నీ చైనాకి అమ్మేశారు, ఓడలో వెళతాయి. పెట్టెలు కట్టేవాళ్లకి వరస తప్పకుండా ఉండాలని ఆ అంకెలు.

బెవ్ వచ్చింది. కోటు విప్పి వంకీకి తగిలించింది. ఏడవలేదు.

"నన్ను ఇంకో నెల ఉంచుతారట" అంది.

"అదీ మంచిదే" అన్నాను. ఏం మాట్లాడుతున్నాను నేను.

"యంత్రాలకి కరెంటు తీగలు విప్పడానికి. ఎవరో ఒకరు విప్పాలి కదా. ఒకటో అంకె నుంచి మొదలు. రాణీగారు ఆఖరట."

కప్పులు కడిగింది. నా వైపు వీపు ఉంది.

"ఊళ్లో కరెంటు పనివాళ్లం అందరం ఒకేసారి రోడ్డున పడ్డాం నాన్నా. రాయ్ ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది."

"నేనే కదమ్మా..."

"నువ్వేం చేశావు? నువ్వు చూసింది నువ్వు చెప్పావు. నీకెలా తెలుస్తుంది?" తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. ఆగింది. "ఆ శనివారం నేల మీద అంకెలున్నాయా అని ఎందుకడిగావు?"

చెప్పాను. సుద్ద తాడు, దిల్‌బాగ్, ముందు నేల, తర్వాత యంత్రం. తల దించుకుని చెప్పాను.

తువ్వాలు మడిచి పెట్టింది.

"పోనీలే నాన్నా. అప్పటికే ఆరో తేదీన నేను ఫోన్ చేసేశాను కదా. అప్పుడు నీకు తెలియదు. తెలిసేసరికి ఎలాగూ ఆలస్యమైపోయింది." వంగి నా నుదుటి మీద ముద్దు పెట్టింది. కోటు వేసుకుంది.

నేను ఊఁ అన్నాను. ఊఁ అనే అన్నాను.

గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపింది. దాని వెనకాల ఇనుము మీద కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఆఖరి మనిషి వెళ్లేటప్పుడు కొట్టడానికి ఎవరు మిగులుతారు?

చెప్పాల్సినవాళ్లు:

చెల్లెలు మేబెల్. ఏడుస్తుంది, ఆ రోజు ఏడ్చినట్టే.

తమ్ముడు పెర్సీ. నీ మాట నిజమవ్వాలి అన్నాడు.

విన్నీ వదిన. ఆవిడకి గట్టిగా అరిచి చెప్పాలి, రెండుసార్లు.

ట్రెవర్, కెనడా. వాడు పని నుంచి వచ్చాక.

ఐవీ. పువ్వులు ఏమీ తీసుకెళ్లను.

బెవ్. ఆస్పత్రి ఉద్యోగం పద్దెనిమిదో తేదీ దాకా ఖాళీగానే ఉందని.